గన్‌ప్లా కిట్లకు స్టిక్కరా, పెయింటా? కొన్నేళ్ల వాడకం తర్వాత

బాక్స్ మీది బొమ్మలో ఉన్న రంగులన్నీ లోపలి ప్లాస్టిక్‌లో ఉండవు. గండమ్ అనే జపాన్ యానిమేషన్ సిరీస్‌లోని రోబోలను ముక్కలు బిగించి తయారు చేసుకునే బాండాయ్ కంపెనీ ప్లాస్టిక్ కిట్లు, అంటే గన్‌ప్లా, కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు ముందు నిరాశపడేది ఇక్కడే. జిగురు అక్కర్లేదు, రంగు వెయ్యక్కర్లేదు, ముక్కలు బిగిస్తే చాలు అంటారు. అది నిజమే. కానీ మామూలు హెచ్‌జీ (హై గ్రేడ్ అనే చవక రకం) కిట్ ఒకటి బిల్డ్ చేసి స్టిక్కర్లు అంటించకుండా నిలబెట్టి చూడండి. కళ్లలో పసుపు ఉండదు. థ్రస్టర్ల (రోబోను ఎగరేసే రాకెట్ గొట్టాల) లోపల ఎరుపు రావాల్సిన చోట బూడిద రంగే ఉంటుంది. నేను విశాఖలో ఉంటాను. ఏళ్లుగా బిల్డ్ చేసిన కిట్లు ఇక్కడి సముద్రపు గాలిలో, మే నెల ఎండల్లో షెల్ఫ్ మీదే ఉన్నాయి. ఏ రంగు నిలిచింది, ఏది లేచిపోయిందో చూశాక రాస్తున్న సమీక్ష ఇది.

ముందు కారణం చెప్పాలి. ఈ కిట్లలో రంగు పైపూత కాదు, పాలిస్టైరీన్‌లోనే కలిపి ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపుతారు కాబట్టి మామూలుగా ఒక ముక్కకు ఒకే రంగు. 1980 జులైలో వచ్చిన మొట్టమొదటి కిట్, 1/144 స్కేల్ (అసలు సైజులో 144వ వంతు) ఆర్‌ఎక్స్-78-2 గండమ్, అంటే కథలోని ప్రధాన రోబో, ధర 300 యెన్లు. అదంతా తెల్ల ప్లాస్టిక్కే. నీలం, ఎరుపు, పసుపు కొన్నవాళ్లే వేసుకోవాలి. తర్వాత ఒకే రన్నర్‌లో (ముక్కలన్నీ అతికి వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్‌లో) నాలుగు రంగుల ముక్కలు ఒకేసారి పోసే యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు మనం కొనే కిట్లు ఇంత రంగులతో వస్తున్నాయంటే ఆ యంత్రాల వల్లే.

అయినా ఒక ముక్క మీద రెండో రంగు కావాలంటే రెండో ముక్క తయారు చెయ్యాల్సిందే. దానికి అచ్చులో వేరే చోటు, ప్లాస్టిక్ వెళ్లే దారి, విరగకుండా ఉండేంత మందం, చేత్తో పట్టుకుని బిగించగలిగేంత సైజు ఉండాలి. పదమూడు, పద్నాలుగు సెంటీమీటర్ల ఎత్తు బొమ్మలో తలమీది కెమెరా బియ్యపు గింజంత కూడా ఉండదు. చవక ధర కిట్‌లో దాన్ని వేరే ముక్కగా ఇవ్వడం కంటే స్టిక్కర్ ఇవ్వడమే తేలిక. ఇది పిసినారితనం అని నేను అనను. 2020లో వచ్చిన ఎంట్రీ గ్రేడ్ (కొత్తవాళ్ల కోసం చేసిన రకం) ఆర్‌ఎక్స్-78-2లో కళ్లతో సహా అన్నీ ముక్కలుగానే ఇచ్చారు, స్టిక్కర్ షీటే లేదు. ముక్కను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే గేట్లు చేతికి తెలియనంత సన్నవి, కోయడానికి నిప్పర్ (చిన్న కటింగ్ ప్లయర్) కూడా అక్కర్లేదు. ఇంత చిన్న ధరలో ఇంత రంగు ఇచ్చిన కిట్ నాకు మరొకటి కనపడలేదు. కానీ ప్రతి మోడల్‌కూ అలా చెయ్యాలంటే అచ్చుల ఖర్చు ఊరుకోదు.

ఇక స్టిక్కర్ల సంగతి. కిట్‌తో వచ్చే ఫాయిల్ స్టిక్కర్లు సమతలం మీద, అందులోనూ చుట్టూ గట్టు ఉన్న గుంటలో అంటిస్తే ఏళ్లు గడిచినా కదలవు. జాకు అనే శత్రు రోబో ఒంటికన్ను, గండమ్ కళ్లు నా దగ్గర ఇప్పటికీ మొదటిరోజు లాగే ఉన్నాయి. వంపు మీద, అంచు మడిచి అంటించినవి మాత్రం మన వాతావరణానికి తట్టుకోవు. ఉక్కపోతకు జిగురు మెత్తబడి మూల లేస్తుంది. లేచిన మూలకు దుమ్ము పట్టి చుట్టూ నల్లటి గీత ఏర్పడుతుంది. మళ్లీ నొక్కితే రెండు వారాలు ఉంటుంది, అంతే. ఇంకో ఇబ్బంది, ఎంత జాగ్రత్తగా అంటించినా రెండు ఎరుపులు కలవవు. ప్లాస్టిక్ ఎరుపు ఒకలా, స్టిక్కర్ ఎరుపు మరోలా కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ కింద ఆ తేడా ఇంకా ఎక్కువ.

పెయింట్ గెలిచేది ఇక్కడే. అయితే మొత్తం బొమ్మకు రంగు వెయ్యక్కర్లేదు. థ్రస్టర్ లోపలి ఎరుపు, సాబర్ (కత్తి) పిడి, ఛాతీ మీది గాలి రంధ్రాలు, తుపాకీ స్కోప్ వేసుకుంటే చాలు, కిట్ ముఖమే మారిపోతుంది. బ్రష్షుతో వేసే యాక్రిలిక్, లేదా గండమ్ మార్కర్లు (పెన్నులా ఉండే పెయింట్) ఇందుకు సరిపోతాయి. పసుపు, ఎరుపు పలచని రంగులు. ముదురు ప్లాస్టిక్ మీద నేరుగా వేస్తే మురికిగా కనిపిస్తాయి. ముందు తెలుపు వేసి ఆరనిచ్చి, దాని మీద పలచగా రెండు మూడు కోట్లు వేస్తే అసలు రంగు బయటికొస్తుంది. నీలం, ఎరుపు ముక్కలను రన్నర్ నుంచి కోసిన చోట తెల్లటి మచ్చ పడుతుంది కదా, దాన్ని కప్పేదీ పెయింటే. స్టిక్కర్ ఆ పని చెయ్యలేదు.

ఒక హెచ్చరిక. ముక్కల మీది సన్నని గాడుల్లో నల్లరంగు దింపి గీతల్లా కనిపించేలా చెయ్యడానికి వాడే ఎనామెల్‌ను బిగించిన జాయింట్ల మీద ధారాళంగా పొయ్యకండి. దానిలోని థిన్నర్ బిగువుగా ఉన్న చోటికి చేరితే ప్లాస్టిక్ పగులుతుంది, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్కలు మరీ. ముక్కలు విడిగా ఉన్నప్పుడే వేసి తుడిచెయ్యాలి.

చివర్లో మ్యాట్ టాప్‌కోట్ (మెరుపు తగ్గించే పారదర్శక స్ప్రే పూత) కొట్టాలా అంటే, తప్పకుండా కొట్టాలి అంటాను. మెరుపు పోతేనే బొమ్మ యంత్రంలా కనిపిస్తుంది. స్టిక్కర్ అంచులు కూడా దాని కింద కలిసిపోయి పట్టుగా ఉంటాయి. కానీ వానాకాలంలో స్ప్రే చేస్తే గాల్లో తేమ పట్టుకుని పైన తెల్లటి పొర వస్తుంది. నేను ఏడాదిలో బిల్డ్ చేసినవన్నీ దాచిపెట్టి డిసెంబరు, జనవరిలో ఎండ పొడిగా ఉన్న పూట కొడతాను. స్ప్రే డబ్బాలు, లాకర్ (lacquer) పెయింట్లు మండే సరుకు కాబట్టి విమానంలో తేలిగ్గా రావు. అందుకే కిట్ ఆర్డర్ చేసే రోజే ఇవి ఎక్కడ దొరుకుతాయో చూసుకోవడం మంచిది.

రంగు ఎంత కచ్చితంగా ఉండాలనే విషయంలో నాదొక అభిప్రాయం. మాన్యువల్‌లో ఏ రంగు ఎంత శాతం కలపాలో ఇస్తారు, అది మంచి ఆధారం. కానీ 1979 నాటి టీవీ బొమ్మలో తెలుపు, బాక్స్ మీది తెలుపు, ఆర్‌జీ (రియల్ గ్రేడ్, చిన్న సైజులోనే ఎక్కువ వివరాలుండే రకం) కిట్‌లో కావాలని ఇచ్చిన రకరకాల తెలుపులు ఒకదానితో ఒకటి సరిపోవు. అసలు తెలుపు ఏది అనే టెన్షన్ నాకు లేదు. ఎరుపు ఉండాల్సిన చోట ఎరుపు ఉందా అనేదే చూస్తాను.

మొదటిసారి కొనేవాళ్లకు ఎంట్రీ గ్రేడ్ చెప్తాను. పెయింట్ నేర్చుకోవాలంటే ఏదైనా హెచ్‌జీ జాకు తీసుకోండి. రంగు వెయ్యాల్సిన చోట్లు తక్కువ, ఆకారం సూటిగా ఉంటుంది. ఆర్‌జీలో ముక్కల రంగులు అద్భుతం, కానీ గోరు మీద పట్టేంత స్టిక్కర్లు పదుల కొద్దీ ట్వీజర్‌తో అంటించాలి. అది రెండు మూడు కిట్లు అయ్యాక తీసుకోండి. ఏది కొన్నా ముందు దాని రన్నర్ల ఫోటోలు వెతికి, ఏ రంగు ప్లాస్టిక్‌లో లేదో చూసుకుని ఆ రంగు మార్కర్ కూడా ఆర్డర్‌లో కలపండి.