లక్షా ఇరవై వేల కిలోమీటర్ల తర్వాత నా ఫోర్ బై ఫోర్ పికప్: నాబ్ బంగారమే, కానీ...

ఇంజిన్ ఎన్ని సీసీ, టార్క్ ఎంత, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, ఇవేవీ రాయను. అవి ఎక్కడైనా దొరుకుతాయి. బండి పేరు కూడా రాయడం లేదు. నా గొడవ ఆ ఒక్క బండితో కాదు, గేరు పక్కన 2హెచ్ (బలం వెనక ఇరుసుకే), 4హెచ్ (రెండు ఇరుసులకీ), 4ఎల్ (రెండు ఇరుసులకీ, బాగా నెమ్మదిగా, ఎక్కువ బలంతో) అని గుండ్రటి నాబ్ ఉండే పికప్‌లు చాలావాటితో.

2018లో కొన్నాను. మాది నర్సరావుపేట, బోరు మోటార్లు, డ్రిప్ పైపుల పని. వినుకొండ, మాచర్ల వైపు పొలాలకు తిరుగుడు ఎక్కువ. వెనక ట్రేలో ఒక సబ్‌మెర్సిబుల్ మోటారు, నాలుగు పైపు చుట్టలు, చైన్ పుల్లీ ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి ఇది సరదాకి కొండలెక్కేవాళ్ల రివ్యూ కాదు.

ముందు ఆ నాబ్ మీద నాకున్న మోజు సంగతి. సాగర్ కుడి కాలువ కట్ట మీంచి పొలాల్లోకి దిగే బాటలు కొన్నిచోట్ల మేడమెట్లలా ఉంటాయి. వాన పడ్డాక మామూలు గేర్లో దిగితే, బ్రేకు తొక్కగానే ఏబీఎస్ టకటకమని కొట్టుకుంటుంది, బండి మాత్రం జారుతూనే ఉంటుంది. అదే కట్ట మీద ఆగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కి నాబ్ 4ఎల్‌కి తిప్పి, మీటర్లో మిణుకుమిణుకుమనే లైటు నిలకడగా వెలిగేదాకా ఆగాలి. తర్వాత ఫస్ట్ గేరు వేసి మూడు పెడల్స్ మీంచీ కాళ్లు తీసేయడమే. ముసలి ఎద్దు దిగినట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ దానంతటదే దిగుతుంది. మొదటిసారి పక్కన కూర్చున్న మా కుర్రాడు పైన హ్యాండిల్ పట్టుకుని "అన్నా, బ్రేకు తొక్కన్నా" అని ఒకటే గోల. కింద దిగాక వాడే మళ్లీ ఎక్కి దిగుదామన్నాడు.

ఆ మోజులో మొదటి ఏడాది కనబడినవాళ్లందరికీ "ఈ బండికి దారి అక్కర్లేదు" అని చెప్పుకుంటూ తిరిగాను. ఆ మాట ఇప్పుడు అనను.

అప్పట్లో నాకు తెలియనివి రెండున్నాయి. మొదటిది చిన్నదే. హైవే మీద గట్టి వాన పడుతుంటే 4హెచ్ వేసుకుని వచ్చాను. వాన వెలిసిపోయింది, రోడ్డు ఆరిపోయింది, నేను నాబ్ సంగతి మర్చిపోయాను. పెట్రోల్ బంకులో పూర్తిగా స్టీరింగ్ తిప్పేసరికి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బండి బిగుసుకుపోయి, కింద ఠంగుమంది. ఈ రకం బండ్లలో ఫోర్ బై ఫోర్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి. మలుపులో వాటికి వేర్వేరు వేగాలు కావాలి. బురదలో అయితే టైర్లు కాస్త జారి సర్దుకుంటాయి, ఆరిన తారు మీద జారవు కాబట్టి ఆ వత్తిడంతా గేర్ల మీద పడుతుంది. ఇది యూజర్ మాన్యువల్‌లో ఉందట. డెలివరీ రోజు షోరూంలో బ్లూటూత్ కలపడం అరగంట నేర్పారు, ఇది మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

రెండోది నన్ను ఊళ్లో నవ్వులపాలు చేసింది.

2020 అక్టోబరు, రెండు రోజుల ముసురు తర్వాత. ఒక పెద్దాయన మిర్చి చేనుకి మోటారు దింపి వస్తున్నాను. ట్రే ఖాళీ, అంటే వెనక బరువు లేదు. దారి నల్లరేగడి డొంక. రేగడి తడిస్తే ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, పది అడుగులు వేస్తే చెప్పులకు చెరో కేజీ మట్టి. కంపెనీ ఇచ్చిన రోడ్డు టైర్ల గాళ్లన్నీ పూడిపోయి, చూస్తే నున్నటి నల్ల డ్రమ్ముల్లా ఉన్నాయి. ట్రాక్టర్ గాడిలోకి ముందు ఎడమ చక్రం దిగింది, వెనక కుడి చక్రం నేలకి జానెడు పైకి లేచింది. నేను నిబ్బరంగా 4ఎల్ వేశాను. గాల్లో ఉన్న వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, ముందు ఎడమది బురద చిమ్ముతోంది. గట్టి నేల మీదున్న మిగతా రెండూ బొమ్మల్లా కదలకుండా ఉన్నాయి.

బండి దిగి ఆ నిలబడిపోయిన చక్రాన్ని చూస్తూ ఎంతసేపున్నానో. ఫోర్ బై ఫోర్ అంటే నాలుగూ తిరుగుతాయనే కదా డబ్బు కట్టింది!

పెద్దాయన ట్రాక్టరేసుకుని వచ్చాడు. వంగి కింద చూశాడు. "అబ్బాయ్, లాక్ తొక్కలేదా?" అన్నాడు. ఏ లాక్ అన్నాను. "మా దాంట్లో కుడికాలి మడమ కింద పెడల్ ఉంటది. తొక్కితే రెండు చక్రాలూ కలిసే తిరుగుతయ్. నీ దాంట్లో ఏదీ?" నా దాంట్లో లేదు. "ఇన్ని లక్షలు పోసి కొన్నావు, లాక్ లేదా?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. వెటకారమైతే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ రాత్రి కూర్చుని తెలుసుకున్నాను. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ పెడతారు. అది రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. చిక్కంతా ఆ సమానంలోనే ఉంది. గాల్లో ఉన్న చక్రం తిరగడానికి చిటికెడు బలం చాలు, కాబట్టి నేల మీదున్న దాని జోడీకి కూడా ఆ చిటికెడే అందుతుంది. 4ఎల్ వేసినా తాళం పడేది ముందు, వెనక ఇరుసుల మధ్యే. ఒకే ఇరుసు మీదున్న ఎడమ, కుడి చక్రాల మధ్య కాదు. దానికి డిఫరెన్షియల్ లాక్ వేరే ఉండాలి. 2020 నాటి కొత్త మహీంద్రా థార్‌లో కొన్ని మోడళ్లకు వెనక లాక్ దానంతటదే పడుతుంది. ఆ తర్వాత 2022లో మన దగ్గరికి వచ్చిన టొయోటా హైలక్స్ పికప్‌లో దానికి బటన్ ఇచ్చారు. గిర్రున తిరిగే చక్రానికి బ్రేకు వేసి బలాన్ని రెండోదానికి మళ్లించే ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నా కొంత నయం. నా మోడల్‌కి అదీ లేదు.

లాక్ వేయించుకుందామని ఒకచోట అడిగితే దాన్ని గాలితో నడిపే కంప్రెసర్‌తో కలిపి లక్ష పైమాటే చెప్పారు. ఆ డబ్బుకి మట్టిదారులకీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు, గాలి కొట్టే చిన్న మిషను, టైర్లో గాలి ఎంతుందో చూసే గేజీ, పొట్టి పార కొన్నాను. ఇంకా కొంత మిగిలింది. వీటిలో నన్ను ఆశ్చర్యపరిచింది గేజీ. డొంకలోకి దిగేముందు 32 పీఎస్‌ఐ ఉన్న గాలిని 18కి తగ్గిస్తే టైరు చపాతీలా పరుచుకుని నేలని పట్టుకుంటుంది. వాగు ఇసుకలో అయితే వేరే బండి ఎక్కినట్టే ఉంటుంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపుకోవాలి, పది నిమిషాల పైనే పడుతుంది. బద్ధకించి ఆ గాలితోనే వేగంగా పోతే టైరు పాడవుతుంది. ఇక ఈ టైర్లతో మైలేజీ లీటరుకి దాదాపు ఒక కిలోమీటరు మేర తగ్గింది, ఎనభై దాటితే టైర్ల హోరు. ఇంత చేసినా బాగా నానిన రేగడిలో ఈ టైర్లూ పూడిపోతాయి. అలాంటి రోజున బండి రోడ్డు మీదే ఆపేసి మోటారుని రైతు ట్రాక్టర్లో వేయిస్తున్నాను.

ఇంట్లో వాళ్ల రివ్యూ వేరు. వెనక సీటు వీపుకి గోడలా ఉంటుందని మా ఆవిడ, ఎక్కడానికి పీట కావాలని మా అత్తగారు.

మళ్లీ కొంటావా అంటే, ఇదే పని, ఇవే పొలాలు అయితే లాక్ ఉన్నది చూసి కొంటాను, సెకండ్ హ్యాండ్‌దైనా సరే. ఎర్రనేలలు, ఇసుక, గుట్టల వైపు తిరిగేవాళ్లకి లాక్ లేనిది కూడా సరిపోవచ్చు, నేను అటు ఎక్కువ తిప్పలేదు. ఊళ్లోనే తిరిగేవాళ్లకైతే ఐదు మీటర్లు దాటిన బండి పార్కింగ్‌కి తిప్పలే. నాబ్‌ని మాత్రం నెలకోసారైనా మట్టి రోడ్డు మీద వేసి కొంత దూరం నడపండి. ఆరు నెలలు ముట్టుకోకపోతే ఒకసారి నాది 4హెచ్ పడనని మొండికేసింది.

పెద్దాయన మిర్చి చేనుకి ఇప్పటికీ వెళ్తున్నాను. బండి ఆగగానే మోటారు సంగతి తర్వాత అడుగుతాడు, ముందు వంగి వెనక ఇరుసు వైపు చూస్తాడు.