ఇంపెల్లర్ ఒక్కటి చాలా, పూర్తి వాటర్ పంప్ కిట్ కావాలా? ఔట్‌బోర్డ్ ఇంజిన్‌తో ఏళ్లుగా వేగాక నా మాట

పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్ వేడెక్కుతోందని ఎవరితో అన్నా ముందు వచ్చే సలహా ఒకటే, దాన్ని చల్లబరిచే నీళ్లు తోడే వాటర్ పంప్‌లోని ఇంపెల్లర్ మార్చెయ్ అని. తప్పేం కాదు గానీ అది సగం మాట. నా దగ్గరున్న 40 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌ని ఉప్పునీళ్లలోనూ మంచినీళ్లలోనూ ఏళ్ల తరబడి నడుపుతున్నాను. ఇంపెల్లర్ ఒక్కటే మార్చి నెట్టుకొచ్చిన రోజులున్నాయి, పంప్ పైతొడుగు, అంటే హౌసింగ్‌తో సహా మొత్తం వాటర్ పంప్ కిట్ వేసిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడైతే కళ్లు మూసుకుని కిట్టే కొంటాను. ఎందుకో చెబుతాను, కానీ దానికంటే ముందు పంప్ విప్పకుండానే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎందుకంటే పంప్ నిక్షేపంగా ఉండి తేడా ఇంకెక్కడో ఉన్న సందర్భాలే నాకు ఎక్కువ తగిలాయి.

ఇంజిన్ వెనక చిన్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతుంటాయి కదా, ఆ ధార చూసుకుని అందరం ధీమాగా ఉంటాం. అసలు చల్లబరిచే నీళ్లలో ఎక్కువ భాగం ఎగ్జాస్ట్‌తో కలిసి కిందకి పోతుంది, మనకి కనిపించే ధార పక్కదారిలో వచ్చే కొసరు మాత్రమే. చాలా ఇంజిన్లలో ఆ పాయ థర్మోస్టాట్‌కి (ఇంజిన్ వేడెక్కాకే తెరుచుకుని నీళ్లు పోనిచ్చే కవాటం) ముందే విడిపోతుంది, కాబట్టి థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయినా ధార మాత్రం బ్రహ్మాండంగా వస్తూనే ఉంటుంది, లోపల సిలిండర్ హెడ్ మాడిపోతూ ఉంటుంది. ఇటు తిప్పి చూస్తే, ధార ఆగినంత మాత్రాన పంప్ పోయిందనీ కాదు. వాడకుండా పక్కన పెట్టిన ఇంజిన్ రంధ్రంలో పురుగులు మట్టిగూడు కట్టేస్తాయి, ఇసుక ఇరుక్కుంటుంది, ఉప్పు గడ్డకడుతుంది. ఇంజిన్ ఆపి, గాలం నైలాన్ తీగ ముక్క ఒకటి మెల్లగా లోపలికి పోనిచ్చి చూడండి. ఇనప తీగతో పొడవకండి, లోపలున్న ప్లాస్టిక్ ఫిట్టింగ్ విరిగితే అదో కొత్త పని. ఇంకా నయం కావాలంటే పైకప్పు తీసి, ఆ రంధ్రానికి వెళ్లే సన్నటి గొట్టం ఊడదీసి, లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టడం. బయటి నుంచి లోపలికి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది.

ధార బాగానే ఉండి వేడెక్కుతుంటే, ఏ వేగంలో వేడెక్కుతోందో గమనించండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఐడిల్‌లో, అంటే రేజ్ చేయకుండా ఉత్తినే తిరుగుతున్నప్పుడు వేడెక్కి, కాస్త రేజ్ చేయగానే చల్లబడితే పంప్ నీరసించిందని అర్థం, తక్కువ వేగంలో అది సరిపడా నీళ్లు తోడలేకపోతోంది. ఐడిల్‌లో బాగుండి ఫుల్ స్పీడ్‌లో వేడెక్కితే నీళ్లు తీసుకునే జాలీల దగ్గర నాచో ప్లాస్టిక్ కవరో చుట్టుకుందేమో, ఇంజిన్ మరీ ఎత్తులో బిగించడం వల్ల నీళ్లతో పాటు గాలి పీలుస్తోందేమో, లేదా ఎక్కువ వేగంలో తెరుచుకోవాల్సిన ప్రెషర్ వాల్వ్ ఇరుక్కుందేమో చూడాలి. స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే వేడి పెరిగిపోతే నాకు మొదటి అనుమానం థర్మోస్టాట్ మీదే. తీసి గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. తెరిచే ఉండిపోయినా నష్టమే, ఫోర్‌స్ట్రోక్‌లో ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచి పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతూ పెట్రోలు వాసన వస్తుంటే సంతోషించకండి!

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొన్నాను, ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా గిట్టుబాటైన వస్తువు అదే. థర్మోస్టాట్ కవర్ పక్కన చూపిస్తే నా ఇంజిన్ ఐడిల్‌లో 60 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. ఆ అంకె గుర్తుంటే చాలు, తేడా వచ్చిన రోజు ఇట్టే తెలుస్తుంది. వార్నింగ్ బజర్ మీద ఆధారపడితే అది చావు కబురు చల్లగా చెప్పే రకం. బజర్ మోగిందంటే అప్పటికే ఆలస్యం, వెంటనే ఐడిల్‌కి తెచ్చి, న్యూట్రల్‌లో పెట్టి, ఆపేసి, ఇంజిన్ పైకెత్తి జాలీలు చూడండి. వేడి మీదున్న ఇంజిన్‌పై చల్లటి నీళ్లు మాత్రం కుమ్మరించకండి.

ఇక పంప్. ఇంపెల్లర్ అంటే రబ్బరు రెక్కల చక్రం, ప్రొపెల్లర్ గేర్లుండే కింది భాగం గేర్‌కేస్ పైన, ఇంజిన్ నుంచి దానిలోకి దిగే డ్రైవ్‌షాఫ్ట్‌కి తగిలి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న గిన్నె షాఫ్ట్‌కి సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త పక్కకి జరిగి ఉంటుంది. అందుకే తిరుగుతున్నప్పుడు ఒకవైపు రెక్కలు నొక్కుకుంటాయి, ఇంకోవైపు విచ్చుకుంటాయి, ఆ సందులోనే నీళ్లు పీల్చి పైకి తోస్తాయి. ఇంపెల్లర్ ఒక్కటే మారిస్తే ఎందుకు చాలదో పాత హౌసింగ్ విప్పి చూస్తే తెలుస్తుంది. ఇసుక నీళ్లలో తిరిగిన స్టీల్ గిన్నె లోపల గోరు పెట్టి లాగితే ఒక్కో గాడి దగ్గర గోరు ఆగుతుంది. కింద పళ్లెంలా ఉండే వేర్ ప్లేట్ మీద రెక్కల అంచులు గీసిన గుండ్రటి గీతలు మెరుస్తుంటాయి. కొత్త రబ్బరు ఆ గాడుల మీద ఎంత గట్టిగా ఆనినా సందులోంచి నీళ్లు వెనక్కి జారిపోతూనే ఉంటాయి. ఇంపెల్లర్ ఒక్కటే వేసినప్పుడు నా ఇంజిన్ ఐడిల్ వేడి కాస్త తగ్గింది, అంతే. హౌసింగ్, గిన్నె, ప్లేట్, గాస్కెట్లు, ఓ-రింగ్ అన్నీ కొత్తవి వేశాక 60 మీద కదలకుండా నిలబడింది, అప్పటినుంచి అలాగే ఉంది.

కంపెనీ కిట్ కాక, తక్కువ ధరకి వచ్చే వేరే తయారీది కూడా ఒకటి వాడి చూశాను, పేరు చెప్పను. బిగించేటప్పుడు అంతా సరిపోయింది. తర్వాతి సీజన్‌లో విప్పితే రెక్కలన్నీ ఒకే వైపుకి వంగి అలాగే ఉండిపోయాయి, వేలితో నిటారుగా లాగి వదిలినా మళ్లీ వాలిపోయాయి. అదే వయసున్న కంపెనీ ఇంపెల్లర్ రెక్కలు వదిలితే టక్కున లేచి నిలబడతాయి. గాస్కెట్లు, గిన్నె మాత్రం చవక కిట్‌లోవీ బాగానే పనిచేశాయి, కాబట్టి మొత్తం చెత్త అనను, రబ్బరు దగ్గర పొదుపు వద్దంటాను. పాత ఇంపెల్లర్‌కి రెక్క ఊడి ఉంటే ఆ ముక్క ఎక్కడుందో దొరికేదాకా వెతకండి, లేదంటే పై దారుల్లో అడ్డంపడి కొత్త పంప్‌ని కూడా బద్నాం చేస్తుంది.

బిగింపు పని కష్టమేం కాదు గానీ చిరాకు. పంప్ అందాలంటే గేర్‌కేస్ కిందకి దించాలి, చాలా మోడళ్లలో దాని బోల్టు ఒకటి ట్రిమ్ ట్యాబ్ (ప్రొపెల్లర్ పైనుండే చిన్న రెక్క) కింద దాక్కుని ఉంటుంది, విప్పేముందు ట్యాబ్ ఏ కోణంలో ఉందో గుర్తు పెట్టుకోండి. రెక్కలకి కాస్త సబ్బునీళ్లు రాసి, షాఫ్ట్‌ని పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ హౌసింగ్ కిందకి నొక్కితే రెక్కలు సరైన వైపు మడతపడతాయి. డ్రైవ్‌షాఫ్ట్ పళ్లకి పక్కల పలచగా గ్రీజు చాలు, పైకొన మీద ముద్ద పెడితే గేర్‌కేస్ పూర్తిగా పైకి కూర్చోదు. అసలు తలనొప్పి పంప్ నుంచి పైకి నీళ్లు తీసుకెళ్లే గొట్టం, చీకట్లో అది గ్రోమెట్ అనే రబ్బరు వలయంలోకి సూటిగా దిగాలి. గ్రోమెట్ మడతపడితే నీళ్లు సగం దారిలోనే కారిపోతాయి, కొత్త పంప్ వేసినా వేడి తగ్గలేదని వాపోయే వాళ్లలో చాలామంది కథ ఇదే. టార్చి వేసుకుని, ఇంకో మనిషిని పక్కన పెట్టుకుని ఎక్కించండి.

టెస్ట్ చేసేటప్పుడు జాలీలకి ఫ్లషింగ్ కప్పులు (నీళ్ల పైపు బిగించే రబ్బరు కప్పులు) తగిలించి, ముందు నీళ్లు వదిలి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి, ఐడిల్ దాటించకండి. నీళ్లు లేకుండా తిప్పితే రబ్బరు పాడవడానికి అర నిమిషం కూడా పట్టదు. ఉప్పునీళ్ల నుంచి వచ్చాక కూడా ఇలాగే పది పదిహేను నిమిషాలు మంచినీళ్లు పోనిస్తాను, థర్మోస్టాట్ తెరుచుకుంటేనే పై దారుల్లో ఉప్పు కడుగుతుంది, రెండు నిమిషాల ఫ్లషింగ్ కంటితుడుపే. ఇంజిన్ పక్కన నీళ్ల పైపు బిగించడానికి ఉండే ఫ్లష్ పోర్ట్ వాడితే మాత్రం చాలా మోడళ్లలో ఇంజిన్ ఆపే ఉంచాలి, మీ మాన్యువల్ చూసుకోండి.

కిట్ మీద నా ఫిర్యాదులు రెండు. లోపలిచ్చే సూచనల కాగితంలో బొమ్మలు బియ్యపుగింజంత, ఏ గాస్కెట్ ఏ వరసలో వస్తుందో అర్థం కాదు, పాతవి తీసేటప్పుడే ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోవడం మేలు. రెండోది, ఒకే హార్స్‌పవర్‌కి రెండు మూడు రకాల కిట్లు ఉంటాయి, ఏడాది చెప్పి కొంటే తేడా పడొచ్చు, ఇంజిన్ మీదున్న సీరియల్ నంబర్ చెప్పి తెప్పించుకోండి. ఇంపెల్లర్‌ని షాఫ్ట్‌తో కలిపే చిన్న కీ కిట్‌లో ఒక్కటే వస్తుంది, ఇంకోటి విడిగా కొని పెట్టుకోండి, చేతిలోంచి జారి నీళ్లలో పడిందంటే ఇక దొరకదు.