ఇంటి లైట్లకు సోలార్: ఇన్వర్టర్ మేలా, నేరుగా 12 వోల్టులు మేలా?

"మేడ మీద చిన్న ప్యానెల్ పెట్టి లైట్లు వెలిగించుకోవాలి, ఏది మేలు?" అని అడిగేవాళ్లకు విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తున్నాను.

ఆన్‌గ్రిడ్ (ఊరి కరెంటు లైనుకు కలిపి నడిపే సోలార్) సంగతి ముందే తేల్చేద్దాం. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ వస్తుంది, ఏసీలూ మోటారూ ఉన్న ఇంటికి బాగుంటుంది. కానీ లైన్లో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది, ఎండ మండిపోతున్నా సరే. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకూడదని అలా చేశారు. కరెంటు పోయినప్పుడు వెలుగు కావాలనుకునేవాళ్లకు అది పనికిరాదు.

మిగిలినవి రెండు: ఇన్వర్టర్ పెట్టి 230 వోల్టుల బల్బులు, లేదా బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టుల డీసీ (బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు) బల్బులు. తేడా అంతా ఇన్వర్టర్ తన కోసం తినే కరెంటులోనే ఉంది.

9 వాట్ల బల్బులు నాలుగు, రాత్రి 5 గంటలు. మొత్తం 180 వాట్‌అవర్లు, యూనిట్లో ఐదో వంతు కూడా కాదు. మామూలు ఇంటి ఇన్వర్టర్లలో ఒక్క బల్బూ వెలగకపోయినా 15 వాట్లు లాగేవి చాలా ఉన్నాయి. రోజంతా ఆన్‌లో ఉంటే 360 వాట్‌అవర్లు, అంటే బల్బులు తినేదానికి రెట్టింపు. చారెడు పప్పుకు గుండిగ ఎక్కించినట్టే. వాడనప్పుడు ఆపేస్తామంటారు గానీ, అర్ధరాత్రి బాత్రూమ్ లైటు వెలగాలిగా, ఎవరాపుతారు? పైగా బ్యాటరీలోని డీసీని ఇన్వర్టర్ ఏసీ (ఇంటి లైన్లో వచ్చే రకం కరెంటు) చేస్తే, ఎల్ఈడీ బల్బు దాన్ని లోపల మళ్లీ డీసీ చేసుకుంటుంది. రెండుచోట్లా నష్టమే.

మన ఎండకు 100 వాట్ల ప్యానెల్ నష్టాలు పోను రోజుకు 300 వాట్‌అవర్ల పైమాటే ఇస్తుంది. డీసీ బల్బులకు అది చాలు, ఇంకా మిగులుతుంది. అవే నాలుగు బల్బులు ఇన్వర్టర్ మీద వెలగాలంటే రెండు ప్యానెళ్లు కావాలి.

తీగల దగ్గర మాత్రం ఇన్వర్టర్‌దే పైచేయి. 12 వోల్టుల దగ్గర 36 వాట్లంటే 3 ఆంపియర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 15 మీటర్లు వెళ్లేసరికి 1.6 వోల్టులు పోతాయి, చివరి గదిలో బల్బు నీరసంగా వెలుగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 0.7 వోల్టులకు తగ్గుతుంది. 230 వోల్టులకు ఈ గొడవే లేదు.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తీసుకోండి. 12.8 వోల్టుల 40 ఏహెచ్ (ఆంపియర్‌అవర్లు) ది ముసురు పట్టినా రెండు రాత్రులు లాగుతుంది. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి వాడితే త్వరగా పోతుంది. ప్యానెల్ నుంచి బ్యాటరీకి ఛార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో కొనేముందే అడగండి. విడి సోలార్ లాంతర్లు గేటు దగ్గరికి చాలు.

పొలం దగ్గర షెడ్డుకు నేను డీసీయే వేయించాను. ఫ్రిజ్, మిక్సీ, టీవీ కూడా నడవాలంటే ఇన్వర్టర్ తప్పదు. లైట్లకోసమే అయితే వద్దు. డీసీ బల్బుల్లోనూ మామూలు హోల్డర్‌లో ఇమిడేవే ఎక్కువ. పొరపాటున 230 వోల్టుల పాయింట్‌లో పెడితే ఆ క్షణమే కాలిపోతాయి. అందుకే డీసీ హోల్డర్లకు ఎర్ర రంగు వేయించాను, బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజు పెట్టించాను.