8 జీబీ మెషీన్ మీద పోస్ట్‌గ్రెస్: ఏళ్లు వాడాక

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు ధాన్యం, కిరాణా హోల్‌సేల్ లెక్కలకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ని 8 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ మెషీన్ల మీద ఏళ్లుగా నడుపుతున్నాం. డేటా విషయంలో దీనికి తిరుగులేదు: కరెంటు పోయి మెషీన్ ఆగినా, లేచాక వాల్ (ప్రతి మార్పునీ ముందే రాసి పెట్టుకునే చిట్టా) చదువుకుని తనే సర్దుకుంటుంది. మెమరీకి మాత్రం పగ్గం మనమే వెయ్యాలి. సర్వర్ మొత్తం ఇంతకు మించి వాడకూడదని చెప్పే సెట్టింగ్ ఇందులో లేదు. ఇది పెద్ద లోటే.

చాలామంది ముందు షేర్డ్ బఫర్స్‌ని, అంటే అన్ని కనెక్షన్లూ కలిసి వాడే డేటా మెమరీని, అనుమానిస్తారు. దాని పరిమాణం స్థిరం. ర్యామ్‌లో నాలుగో వంతు, అంటే 2 జీబీ ఇస్తే సరిపోతుంది. కొంప ముంచేది వర్క్ మెమ్, అంటే క్వెరీ పనికి ఇచ్చే మెమరీ హద్దు. అది కనెక్షన్‌కి ఒకటి కాదు, క్వెరీలో ప్రతి సార్ట్‌కీ (వరుసగా పేర్చడం) ప్రతి హ్యాష్‌కీ (టేబుళ్లు కలపడానికో మొత్తాలు కట్టడానికో మెమరీలో కట్టే పట్టిక) విడివిడిగా వర్తిస్తుంది. 15వ వెర్షన్ నుంచి హ్యాష్‌కి దాని రెట్టింపు. 64 ఎంబీ పెడితే ఒక హ్యాష్ 128 దాకా వెళ్తుంది, అదే క్వెరీని పంచుకునే ఇద్దరు పారలల్ వర్కర్లు (సహాయక ప్రాసెస్‌లు) తోడైతే ముగ్గురికీ కలిపి 384. ఆ రిపోర్టే నెలాఖరున పదిమంది ఒకేసారి తీస్తే 3.75 జీబీ దాకా. తెలుగైనా ఒడియా అయినా యూటీఎఫ్-8లో ఒక్కో కోడ్‌కి (అక్షరం, గుణింతపు గుర్తు వంటిది) 3 బైట్లు కాబట్టి, ఖాతాదారుల పేర్ల సార్ట్ ఇంగ్లీషు పేర్ల కంటే ఎక్కువే అడుగుతుంది.

మెమరీ అయిపోతే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఒక ప్రాసెస్‌ని చంపుతుంది. లాగ్‌లో సిగ్నల్ 9 (బలవంతంగా చంపారు) అని పడుతుంది. షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చని పోస్ట్‌మాస్టర్ (పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్) మిగతా కనెక్షన్లన్నీ తెంపి మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్కరి రిపోర్టు వల్ల అందరి బిల్లింగూ ఆగుతుంది.

మా దగ్గర నిలిచిన అంకెలు ఇవి: వర్క్ మెమ్ 8 ఎంబీ, మ్యాక్స్ కనెక్షన్స్ 40, ముందు పీజీబౌన్సర్ (కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే సాఫ్ట్‌వేర్) ట్రాన్సాక్షన్ మోడ్‌లో, అంటే ఒక ట్రాన్సాక్షన్ అవగానే కనెక్షన్ మరొకరికి ఇచ్చేలా, పూల్ 20. మెయింటెనెన్స్ వర్క్ మెమ్ (ఇండెక్స్ కట్టడం, వాక్యూమ్ లాంటి పనులకి) 256 ఎంబీ. చనిపోయిన వరసల్ని తనంతట తానే ఊడ్చే ఆటోవాక్యూమ్ వర్క్ మెమ్‌ని విడిగా 128కి కట్టెయ్యాలి. లేకపోతే ముగ్గురు వర్కర్లూ తలా 256 వాడుకోవచ్చు. పెద్ద రిపోర్టుకి ట్రాన్సాక్షన్ లోపల సెట్ లోకల్‌తో (ఆ ట్రాన్సాక్షన్ వరకే పనిచేసే ఆదేశం) వర్క్ మెమ్ 64 ఇవ్వండి. ఉత్త సెట్ వాడితే పూల్‌లో ఆ కనెక్షన్ తర్వాత ఎవరికి దొరికితే వాళ్లకీ అదే పెద్ద అంకె అంటుకుంటుంది.

కెర్నల్ వైపు ఓవర్‌కమిట్ మెమరీ 2 (హద్దు దాటి మెమరీ మాట ఇవ్వొద్దని), రేషియో 80 (ర్యామ్‌లో 80 శాతం), స్వాప్ (మెమరీకి తోడుగా వాడే డిస్క్ జాగా) 2 జీబీ. అప్పుడు మొత్తం హద్దు 8.4 జీబీ, అది దాటించే క్వెరీ ఒక్కటే ఎర్రర్‌తో ఆగిపోతుంది, సర్వర్ నిలబడుతుంది. అదే మెషీన్‌లో జావా సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ పద్ధతి ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అది వాడకపోయినా ముందే చాలా మెమరీ అడిగి పెట్టుకుంటుంది.

టాప్‌లో (ప్రాసెస్‌ల జాబితా చూపే లినక్స్ ఆదేశం) రెస్ అంకెలు, అంటే ఒక్కో ప్రాసెస్ వాడే ర్యామ్, కూడి బెంబేలెత్తకండి. షేర్డ్ బఫర్స్ ప్రతి ప్రాసెస్‌లోనూ మళ్లీ లెక్కకొస్తాయి. లాగ్ టెంప్ ఫైల్స్ సెట్టింగ్ 0 పెడితే ఏ క్వెరీ మెమరీ చాలక డిస్క్‌కి దిగుతోందో తెలుస్తుంది. ముందు దానికి ఇండెక్స్ చూడండి, ఆ తర్వాతే మెమరీ. వర్క్ మెమ్ మార్పుకి రీలోడ్ (సర్వర్ ఆపకుండా సెట్టింగులు మళ్లీ చదివించడం) చాలు. షేర్డ్ బఫర్స్, మ్యాక్స్ కనెక్షన్స్ మార్చితే రీస్టార్ట్ తప్పదు, కాబట్టి ఆ పని కొట్లు కట్టేశాక పెట్టుకోండి.