బైజాంటియం కళాయాత్రకు ఏది మేలు: ఇస్తాంబులా, నోవ్‌గొరొదా?

రష్యన్ చిత్రకళా చరిత్ర చదివే విద్యార్థులను ఒక్క యాత్రకే తీసుకువెళ్లగలిగితే, దానికి మూలమైన బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కళకు పుట్టిల్లయిన ఇస్తాంబుల్‌కు (నాటి కాన్‌స్టాంటినోపుల్‌కు) వెళ్లాలా, మెట్టినిల్లయిన రష్యా నగరం నోవ్‌గొరొద్‌కు వెళ్లాలా అన్నది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు.

జస్టీనియన్ చక్రవర్తి 532–537 మధ్య చర్చిగా కట్టించిన హగియా సోఫియాను చూడకుండా బైజాంటియం వాస్తుశిల్పం గురించి మాట్లాడటం కష్టం కనుక, వాస్తు విద్యార్థులకైతే ఇస్తాంబులే మేలు. చిత్రకళ వారికి అక్కడి అసలు నిధి కోరా చర్చి. థియొడోర్ మెటోకైటిస్ అనే మంత్రి 14వ శతాబ్ది తొలినాళ్లలో దాన్ని పునరుద్ధరించాడు. అక్కడి కుడ్యచిత్రంలో క్రీస్తు ఆదాము హవ్వలను మణికట్లు పట్టుకుని సమాధుల్లోంచి పైకి లాగుతుంటాడు. ఆయన పాదాల కింద విరిగిన నరకద్వారాలు, చెల్లాచెదురైన తాళాలు కనిపిస్తాయి. ఈ రెండు కట్టడాలూ ఇప్పుడు మసీదులే కాబట్టి నమాజు వేళలను బట్టి వెళ్లాలి.

అయినా నా ఓటు నోవ్‌గొరొద్‌కే. 11వ శతాబ్దపు సెయింట్ సోఫియా కెథెడ్రల్ ఒక్కటే ఇందుకు కారణం కాదు. కాన్‌స్టాంటినోపుల్‌లో పనిచేసి వచ్చిన గ్రీకు చిత్రకారుడు ఫెయొఫాన్ గ్రెక్, 1378లో ఇల్యినా వీధిలోని రూపాంతర చర్చిలో వేసిన కుడ్యచిత్రాలు అక్కడే ఉన్నాయి. నిస్సందేహంగా ఆయనవేనని చెప్పదగిన కుడ్యచిత్రాలు మరెక్కడా మిగలలేదు. కావిరంగు ముఖాలపై నుదుట, ముక్కున, చెంప ఎముకపై తెల్లని కుంచెగీతలను ఆయన మెరుపుల్లా విసిరిన తీరును ఏ ఫొటో సరిగ్గా పట్టుకోలేదు. ఇస్తాంబుల్‌లో మూలం ఒక్కటే కనిపిస్తుంది. ఇక్కడ మూలంతోపాటు అది మారడం మొదలైన చోటు కూడా కనిపిస్తుంది.

1405లో మాస్కో క్రెమ్లిన్‌లోని ఒక చర్చిలో ఫెయొఫాన్‌తో కలిసి రష్యన్ చిత్రకారుడు ఆంద్రేయ్ రుబ్ల్యోవ్ పనిచేశాడని వృత్తాంత గ్రంథాలు చెబుతున్నాయి. అందుకే నోవ్‌గొరొద్ తర్వాత మాస్కో వెళ్లి, త్రెత్యకోవ్ గ్యాలరీలో రుబ్ల్యోవ్ వేసిన క్రీస్తు ముఖాన్ని చూస్తే, ఆ మెరుపులు చల్లబడి మెత్తని కాంతిగా మారడం విద్యార్థి కంటికే తెలుస్తుంది. పాత గైడ్‌లను నమ్మి ఆయన ‘త్రిత్వం’ చిత్రం కోసం మాత్రం అక్కడ వెతకవద్దు. 2024లో దాన్ని సెర్గియెవ్ పొసాద్ మఠానికి తరలించారు.

సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి నోవ్‌గొరొద్ సుమారు 190 కి.మీ. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు గానీ, ఫెయొఫాన్ కోసం వెళ్లేవారు ఆ చర్చి తెరిచి ఉండే రోజులు ముందే కనుక్కుని, ఒక రాత్రి అక్కడే ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి.