జపాన్ కల్చర్ టూర్ పోయొచ్చినం, మగ్గం ఇంటోళ్ల లెక్కన చెప్తున్న

మాది పుట్టపాక దగ్గరి ఊరు, ఇప్పుడు నల్గొండల ఉంటున్నం. నాయిన నలభై ఏండ్లు గుంట మగ్గంల కాళ్లు పెట్టి కూసున్న మనిషి, అందుకే జపాన్ చేతి పనులు, సంగీతం, సాకె (బియ్యంతోని చేసే వాళ్ల మద్యం) అని ఎనిమిది రోజుల టూర్ కనబడంగనే ఈయన్ని తోల్కపోవాలె అనిపించి బుక్ చేసిన. మనిషికి 3 లక్షల దగ్గర పడ్డది. కంపెనీ పేరు రాస్తలేను, అడగకుండ్రి. మంచి ఉంది, మోసం గూడ ఉంది, రెండూ చెప్త.

ముందుగాల మోసం సంగతి. క్యోటోల కింత్సుగి వర్క్‌షాప్ అని ఒక పూట పెట్టిండ్రు. పలిగిన గిన్నెను అతికి, ఆ అతుకు మీద బంగారం పూసి అతుకునే అందంగ చూపిచ్చే పని. అసలు పద్ధతి ఏందంటే ఉరుషి అని ఒక చెట్టు పాలు, దాంతోని అతుకుతరు, అది ఎండల ఆరదు, తేమ ఉన్న పెట్టెల పెడ్తేనే గట్టిపడ్తది, వరుసకొక వరుస పూస్కుంట పోతే వారాలు, నెలలు పడ్తయి. మా దగ్గర గంటన్నరల అయిపోయింది! ట్యూబుల బంక, డబ్బల ఇత్తడి పొడి. బ్రోచర్‌ల మాత్రం ఒరిజినల్ అని రాసుండె. ఉరుషి ఏదమ్మా అని అడిగితే అది చెయ్యి పొక్కిస్తది, టూరిస్టులకు ఇయ్యం అన్నది అక్కడ నేర్పేటామె, అది మాత్రం నిజమే, మన మామిడి, నల్లజీడి ఉన్న కుటుంబమే ఆ చెట్టుది గూడ, మామిడి సొన మూతికి అంటితే ఏమైతదో మనకు తెల్వదా. ఇయ్యకపోతే పాయె, బ్రోచర్‌ల అబద్ధం ఎందుకు రాస్తరు? నా గిన్నె ఇంటికొచ్చేసరికి మళ్ల రెండు ముక్కలైంది.

సంగీతం గూడ మొదట గట్లనే. ఒక హాల్ల గంట ప్రోగ్రాం, అండ్ల డాన్సు, బొమ్మలాట, కోతొ, షామిసెన్ అనే వాళ్ల తీగల వాద్యాలు అన్నీ కుక్కి పెట్టిండ్రు, షామిసెన్ వంతు ఎనిమిది నిమిషాలు, నేను ఫోన్‌ల టైం చూసిన. పెండ్లి భోజనంల అన్నీ ఒక్కొక్క చెంచా వడ్డించినట్టు. మస్తు గులుగుతుంటే గైడ్ పిల్ల (ఆ పిల్ల బంగారం, టూర్‌కు మార్కులు ఏసేది ఉంటే సగం ఆమెకే) మనిషికి ఇంకో 4,000 యెన్లు కట్టిచ్చుకోని మర్నాడు పొద్దుగాల ఒక ముసలి టీచరమ్మ ఇంటికి తోల్కపోయింది. చిన్న గది, మేం ఆరుగురం. షామిసెన్‌కు మూడే తీగలు, మెట్లు అస్సలు లేవు. మన నాగర్‌కర్నూల్ దిక్కు మొగులయ్య గారు వాయించే కిన్నెర, 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు గదా, దానికి పన్నెండు మెట్లుంటయి, ఇక్కడ ఒక్కటి లేకుండ వేలు ఎక్కడ పెట్టాలో చెవితోనే దొర్కబట్టాలె. బాచి అని విసనకర్ర లెక్క పెద్ద పలక, దాంతోని తీగనూ తోలునూ ఒక్క దెబ్బల కొడ్తరు, సగం వీణ సగం డప్పు అనుకోండ్రి. ఆమె లావు తీగ ఒక్కటే మీటి ఆపింది, జుయ్‌మని ఒక రొద వచ్చి గదంత ఉండిపోయింది. ఆ తీగను పైన కావాలనే కొంచెం మెడకు తగిలేటట్టు పెడ్తరట, దాన్ని సవారి అంటరట. నాయిన మెల్లగ "తంబూర తీగ కింద దారం పెట్టినట్టురా" అన్నడు. ఆ గంట కోసమైతే ఇంకో 4,000 గూడ కట్టేటోన్ని.

సాకె రోజు గురించి ఏం ఒంక పెట్టను. క్యోటో పక్కన ఫుషిమి, నీళ్లకు పేరున్న జాగ, 1637ల మొదలైన గెక్కెయికాన్ కంపెనీ మ్యూజియం అక్కడనే, పాత చెక్క తొట్లు అవీ చూసినం. తర్వాత ఒక చిన్న సాకె కార్ఖానకు పోయినం. గుమ్మానికి జపాన్ దేవదారు ఆకుల గుండ్రటి బంతి ఒకటి యాలాడదీసిండ్రు, కొత్త సాకె తయారైనప్పుడు పచ్చగ కడ్తరట, అది గోధుమ రంగుకు వచ్చేకొద్దీ లోపల సాకె గూడ పండినట్టు లెక్క. మనోళ్ల కల్లు దుకాణానికి బోర్డు అక్కర లేనట్టే.

బియ్యం సంగతి చెప్పంగ నాయిన బాగ నవ్విండు. మనం మిర్యాలగూడ మిల్లోళ్లు పాలిష్ ఎక్కువ పట్టిస్తే తిడ్తం, వీళ్లు దైగింజొ అనే రకానికి గింజను సగానికి సగం రుద్ది పారేస్తరు, రెండు రోజులకు పైన రుద్దుతనే ఉంటరు, నడిమిట్ల తెల్లటి ముత్యం అసొంటిది మిగుల్తది. ఈతకల్లుకైతే చెట్టు నీళ్లల్లనే తీపుంటది, లొట్టిల పడ్డకాన్నుంచే పులుసుడు షురూ. బియ్యంల ఆ తీపి లేదాయె. అందుకని ఆవిరికి ఉడకబెట్టిన బియ్యం మీద కోజి అని ఒక బూజు పట్టిస్తరు, అది గంజిని తీపి చేస్తుంటే ఇంకోదిక్కు ఈస్టు ఆ తీపిని తిని మత్తు చేస్తది, రెండు పనులు ఒక్క తొట్టిలనే ఒక్కసారే నడుస్తయి. 2024 డిసెంబర్‌ల యునెస్కో జాబితాల ఎక్కింది ఈ పనే.

రుచి చూసే గిన్నె అడుగున నీలం రంగుల రెండు గుండ్రాలుంటయి, సాకె పోసినంక ఆ నీలం అంచు ఎంత సాఫ్‌గ కనబడ్తదో చూసి తేట పడ్డదా లేదా చెప్తరు. దైగింజొ నాకు నచ్చింది, పండు వాసన. నాయినకు మాత్రం నిగోరి, తెల్లగ మబ్బు మబ్బుగ కల్లు లెక్కనే ఉంటది, రెండు గిన్నెలు లాగి "పొద్దుటి కల్లు కాదు గని పర్వాలే" అన్నడు. 15, 16 శాతం ఉంటది, కల్లు లెక్క చెంబులతోని తాగుత అంటే కాదు. మా బావమరిది కొడుకు 19 ఏండ్లోడు, అక్కడ 20 నిండాలె, వానికి మత్తు లేని అమజాకె ఇచ్చిండ్రు, గంజిల చక్కెర ఏసినట్టుంది, ఆ పూటంత మొఖం మాడ్చుకున్నడు.

ఇగ నేను ఈ రివ్యూ రాస్తున్నదే కురుమె రోజు కోసం. పేరు చెప్పంగనే నాయిన "గొంగడి నేసే కురుమోళ్ల ఊరా" అన్నడు, అక్కడి నేతను కసూరి అంటరు అంటే మా ఆవిడ మెంతాకు అనుకుంది. క్యోటో నుంచి బుల్లెట్ ట్రైన్‌ల పడమటి దిక్కు ఫుకువొక జిల్లాకు పోవాలె. కసూరి అంటే మన చిట్కి పనే, దారాన్ని ముందే కట్టి రంగుల ముంచి అటెంక నేసుడు. 1800 ప్రాంతంల ఇనౌయె దెన్ అని పన్నెండు పదమూడేండ్ల పిల్ల, రంగు పోయి తెల్ల మచ్చలు పడ్డ పాత గుడ్డను దారం దారం విప్పి చూసి ఈ కిటుకు పట్టిందని అక్కడ చెప్తరు.

నేలల పాతిన కుండలల్ల నీలిమందు. అది బతికున్నట్టే, పులుస్తుంటది, తిండిగ సాకె గూడ పోస్తరట, నాయినకు ఇది విని ఎంత సంబురమో! కార్ఖానాయన కట్టిన దారం లడిని ముంచి పిండి నేలకేసి దబదబ కొట్టిండు, గాలి లోపలికి పోవాలెనట, కుండల నుంచి తీసినప్పుడు ఆకుపచ్చగున్నది కండ్ల ముందే నీలమైంది. గట్ల పదుల సార్లు.

నాయిన మాత్రం కట్ల కాడనే ఆగిండు. మనం సైకిల్ ట్యూబు కోసి ఆ రబ్బరు పట్టీలతోని కడ్తం, వాళ్లు జనపనార తీరు ఒక నార తోని. నాయిన గోరుతోని ఒక ముడి ఇప్పవొయ్యిండు, రాలే. కార్ఖానాయన నవ్వి చేతులు చూపియ్యమన్నడు, ఇద్దరి చూపుడు ఏలు మీద ఒక్క కాడనే కాయ. గైడ్ పిల్ల తర్జుమా చెయ్యబోతే ఇద్దరూ ఆమెను చూస్తనే లేరు. నాయిన ఫోన్‌ల అమ్మ ఆసు పోసే (కట్లు కట్టేముందు దారాన్ని చీలల చుట్టూ తిప్పుడు) పాత వీడియో తీసి చూపిచ్చిండు, ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలె, ఆలేరు దిక్కు మల్లేశం గారి ఆసు మిషను రాకముందు అందరాడోళ్ల భుజాలు గట్లనే పోయినయి. కార్ఖానాయన ఆ వీడియో రెండు సార్లు చూసి తన భుజం పట్టుకోని ఏందో అన్నడు.

ఇంకోటి. నేసిన గుడ్డల బొమ్మ అంచు కొంచెం చెదిరినట్టుంది, నాయిన వెంటనే పట్టిండు. గైడ్ చెప్పింది, కసూరి అంటేనే చెదిరినట్టు ఉండుడు అని, అదే దాని అందం అని. "మా సేటైతే దీనికి కూలి కోస్తుండె" అన్నడు నాయిన.

ఈ జాగల టూరోళ్లు ఇచ్చింది రెండు గంటలు, షాపింగ్ మాల్‌ల ఇచ్చింది నాలుగు! పోయేటోళ్లు ముందే షెడ్యూల్ గుంజి చూడుండ్రి, వర్క్‌షాప్‌ల ఏం మందు ఏం బంక వాడ్తరో మెయిల్ పెట్టి అడుగుండ్రి, చింతకాయ తొక్కు మర్చిపోకుండ్రి.

వచ్చేటప్పుడు కార్ఖానాయన ఆ నార ఒక చిన్న కట్ట ఇచ్చిండు. వచ్చి వారమైంది, నాయిన దాంతోని నాలుగు పోగులు కట్టి ముంచి చూసిండు. తడిస్తే బిగుస్తుందట, గీత మంచిగ వస్తుందట, గని ఇప్పేటప్పుడు కండ్లల్ల నీళ్లొస్తున్నయట, మళ్ల ట్యూబు కోసుకుంటున్నడు.