పుట్టి వేటా, పడవ వేటా?

మాది కడప. సముద్రం చూడాలంటే నెల్లూరు దాటాలి. అందుకే చేపల వేటంటే మాకు ముందు గుర్తొచ్చేది సోమశిల వెనుక జలాలే. అట్లూరు, ఒంటిమిట్ట వైపు పెన్నా నీళ్లు నిలిచే చోటు.

పుట్టిలో, అదే గుండ్రటి బుట్ట పడవలో, పెద్ద టెన్షన్ ఉండదు. తెడ్డు సరిగా వేయకపోతే గిరగిరా తిరుగుతుంది, అంతే. రాత్రి వేసిన వల పొద్దున్నే తీస్తే రెండు బొచ్చెలు, నాలుగు జెల్లలు. ఎండెక్కేలోపు ఇంటికి.

సముద్రం లెక్క వేరు. పోయిన జనవరిలో తెల్లవారుజామున కృష్ణపట్నం దగ్గర ఫైబర్ పడవెక్కాను. ఒడ్డు కనుమరుగయ్యేసరికి తిన్న ఇడ్లీలన్నీ సముద్రం పాలు. "కిందికి చూడొద్దన్నా, దూరంగా ఆకాశం అంచు చూడు" అన్నాడు పడవతను. నిజంగానే కుదుటపడింది. గాలం దారం వేలికి ఆనించుకుని కూర్చున్నానా, ఒక్క గుంజుడు! వేలు కోసుకుపోయింది. పైకొచ్చింది వంజరం. నీళ్లలోంచి తీసినప్పుడు ఒళ్లంతా నీలం మెరుపు, కాసేపటికే బూడిద రంగు. మా మార్కెట్లో ఐసు మీద చూసేది ఆ బూడిద రంగునే.

ఖర్చు, ప్రయాణం చూస్తే పుట్టే మేలు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మోటారు పడవల వేట నిషేధం. పులుసుకూ నా ఓటు బొచ్చెకే. అయినా ఆ గుంజుడు కోసం ఏడాదికోసారి నెల్లూరు బస్సెక్కుతాను.